తెల్లరాళ్లు నాలుగు, ప్రశ్న ఒకటే

(జియాలజీ డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకు వినబడుతోందా? మైకు కొంచెం గరగరలాడుతోంది, సర్దుకుపోదాం.

నాకిచ్చిన టాపిక్ 'భూగర్భశాస్త్రం, ఖనిజాలు, ధాతు నిక్షేపాలు: ప్రాథమిక పరిజ్ఞాన పరీక్ష'. ఇంత పొడుగు పేరు చూసి నాకే టెన్షన్ వచ్చింది. అందుకని కాగితాలేమీ రాసుకోకుండా ఈ సంచీ పట్టుకొచ్చాను. బస్సులో కండక్టర్ దీన్ని కాలితో జరపబోయి, "ఏముంది సార్ ఇందులో?" అన్నాడు. రాళ్లు అన్నాను. ఒకసారి నా మొహం చూసి లగేజీ టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. (నవ్వులు) అతను నాకంటే మంచి ఎగ్జామినర్. సంచీ విప్పకుండానే బరువును బట్టి లోపల మామూలు సరుకు లేదని కనిపెట్టాడు.

ఆ పనే మీతో చేయిస్తాను. ముందు వరసలో ఆకుపచ్చ చున్నీ అమ్మా, నువ్వు రా. టేబుల్ మీద నాలుగు తెల్లరాళ్లు పెట్టాను. ఇంచుమించు ఒకే సైజు, గుప్పిట్లో పడతాయి. కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ ఎత్తి చూడు. ఏది తేడాగా ఉంది? మూడోదా? ఎలా తెలిసింది? "బరువుంది సార్." చాలు. ఇప్పుడు నువ్వు చెప్పింది జియాలజీ. పేరు తెలియకపోయినా ఫరవాలేదు.

ఆ మూడోది బెరైటీస్. మన కడప వైపు ముగ్గురాయి అంటారు. పొడికొట్టి ముగ్గు వేసుకునేవాళ్లు కాబట్టి ఆ పేరు. కొన్ని ఊళ్లలో ఇంకేదో తెల్లరాయిని కూడా ముగ్గురాయి అనేస్తారు, అది వేరే తలనొప్పి. దీని సాంద్రత నీటికి నాలుగున్నర రెట్లు. పక్కనున్న పలుగురాయి, అంటే క్వార్ట్జ్, 2.65 రెట్లే. అదే సైజులో ఇది దాదాపు 1.7 రెట్లు బరువు తూగాలి. తెల్లగా ఉండే రాయి ఇంత బరువుండకూడదని మన చేతికి ముందే ఒక అంచనా ఉంటుంది. అది తప్పినప్పుడు చెయ్యి ఉలిక్కిపడుతుంది. ఇందాక ఆ అమ్మాయి మొహంలో మీరు చూసింది అదే.

చేతి మీద నమ్మకం లేకపోతే ఒక స్ప్రింగ్ బ్యాలెన్స్, బకెట్ నీళ్లు, దారం తెచ్చుకోండి. గాలిలో 450 గ్రాములు తూగిన రాయిని నీళ్లలో వేలాడదీస్తే 350 చూపించిందనుకోండి. తగ్గింది 100. 450ని 100తో భాగిస్తే నాలుగున్నర. మెడ్‌ప్లస్‌కు వెళ్లి మందులు కొన్నంత ఖర్చు కూడా కాదు ఈ ప్రయోగానికి.

మిగతా మూడింటి సంగతి చూద్దాం. చాకు తీసుకో అమ్మా. మొదటిదాన్ని గీకు. గీత పడలేదు, పైగా చాకు ఇనుమే రాయి మీద నల్లగా అంటుకుంది. రెండోది? పడింది. నాలుగోది? పడలేదు. కాబట్టి రెండోది మెత్తన. ఇప్పుడు ఈ డ్రాపర్‌లో పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంది, ఒక చుక్క వెయ్యి. సోడా పొంగినట్టు పొంగింది. కాల్సైట్. బెరైటీస్‌ని కూడా చాకు గీస్తుంది, కాఠిన్యం, అంటే గీతకు లొంగని గట్టితనం, పదికి లెక్కేస్తే రెండింటికీ దాదాపు మూడే. కానీ బెరైటీస్ మీద ఆమ్లం వేస్తే చుక్క చుక్కలాగే కూర్చుంటుంది. ఇక ఒకటి, నాలుగు. రెండూ గట్టివే. విరిగిన చోట చూడండి. ఒకటోది గాజుసీసా పగిలినట్టు వంకర్లు తిరిగి పగిలింది, అది పలుగురాయి. నాలుగోది మెట్లు మెట్లుగా, నున్నటి ముఖాలతో విరిగింది. లైటు కింద తిప్పితే ఆ ముఖాలన్నీ ఒక్కసారే తళుక్కుమంటాయి. ఫెల్డ్‌స్పార్. ఈ విరిగే తీరునే క్లీవేజ్ అంటాం.

ఇప్పుడు ఐదోది తీస్తున్నాను. బూడిద రంగు, గరుకు, చూడటానికి ఏ ప్రత్యేకతా లేదు. పొలం గట్టు మీద కనబడితే కాలితో తన్నేసి పోతారు. దీన్ని వెనక్కి పంపుతూ చేతులు మార్చుకోండి. ఏమంటారు? "సార్, ఇదీ బరువే!" అదీ బెరైటీసే. మంగంపేటది. ప్రపంచంలోనే పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో అదొకటి. పొరలు పొరలుగా ఉన్న ఆ గని సరుకు ఇలా బూడిద రంగులోనే ఉంటుంది. 'బెరైటీస్ తెల్లగా ఉంటుంది' అని నోట్సులో రాసుకున్నవాడు మంగంపేట గని మధ్యలో నిలబడి కూడా బెరైటీస్ ఎక్కడుందని అడుగుతాడు. దీని బరువే దీని ధర. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి నుంచి గ్యాస్ ఎగదన్నకుండా బురదనీళ్లలో ఈ పొడి కలిపి దింపుతారు. ఆ బరువు పైనుంచి అదిమి పడుతుంది.

ప్రాక్టికల్ పరీక్షలకు ఎగ్జామినర్‌గా చాలా ఏళ్లు ఊళ్లు తిరిగాను. ఒక కాలేజీలో, పేరెందుకులెండి, శాంపిళ్ల ట్రే ఏళ్ల తరబడి మార్చలేదు. ఒకటో నంబర్ ఏది, రెండో నంబర్ ఏది అన్న లిస్టు సీనియర్ల నుంచి జూనియర్లకు ఆస్తిలా దిగుతోంది. ఈ సంగతి ల్యాబ్ అటెండర్ నా చెవిన వేశాడు. ముందురోజు సాయంత్రం కూర్చుని నంబర్లు మార్చేశాను. నాలుగో నంబర్‌లో హెమటైట్ అనే ఇనుప ఖనిజం ఉండేది, అక్కడ గెలీనా పెట్టాను. సీసం ఖనిజం, వెండిలా మెరుస్తుంది, ఘనాలు ఘనాలుగా విరుగుతుంది, బెరైటీస్ కన్నా కూడా చాలా బరువు. పొద్దున పేపర్లు చూస్తే సగం మందికి పైగా 'హెమటైట్' అని రాశారు. పేరు తప్పు రాస్తే రాశారు. దాని కింద 'గీత రంగు: ముదురు ఎరుపు' అని కూడా రాశారు! గీయకుండానే ఎరుపు ఎలా కనబడిందయ్యా? ఆ పిల్లల్ని నేను తిట్టలేదు. ట్రే మార్చనిది మేష్టార్లు. నేనూ ఆ జాతివాడినే.

గీత రంగు అన్నాను కదా. ఇదిగో, మా బాత్‌రూం కట్టినప్పుడు మిగిలిన తెల్ల టైల్. నున్నటివైపు వద్దు, వెనక గరుకువైపు. ఈ రెండు నల్లరాళ్లూ చూడండి, అన్నదమ్ముల్లా ఉన్నాయి. మొదటిదాన్ని రుద్దుతున్నాను. నల్ల గీత. మాగ్నెటైట్, అయస్కాంతం కూడా పట్టుకుంటుంది. రెండోది రుద్దుతున్నాను. చూశారా, నల్లరాయికి ఎర్ర గీత. అదీ హెమటైట్. రాయి పైరంగు గాలికీ తేమకూ మారుతుంది, దానిలో చిటికెడు వేరే పదార్థం కలిసినా మారుతుంది. పొడి రంగు అంత తేలిగ్గా మారదు. కాకపోతే టైల్ కన్నా గట్టి ఖనిజాన్ని రుద్దితే టైలే పొడి రాలుతుంది. తెల్ల గీత పడిందని రాసేయకండి.

మీలో ఎంతమంది ఇంట్లో వంటగట్టు కడప రాయి? చేతులెత్తండి. చాలామందే. దాని మీద నిమ్మచెక్క పిండి మరిచిపోతే ఏమవుతుంది? అమ్మ తిడుతుంది, నిజమే. (నవ్వులు) ఎందుకు తిడుతుంది? మెరుపు పోయి తెల్లగా మచ్చ పడుతుంది. కడప బండ నల్లటి సున్నపురాయి. తాండూరు బండ, బేతంచర్ల బండ, అన్నీ సున్నపురాళ్ల కుటుంబమే. మీ అమ్మగారు ఆమ్ల పరీక్ష ఇరవై ఏళ్లుగా చేస్తున్నారు, రిజల్ట్ కూడా గట్టిగానే చెబుతున్నారు. పక్కింటివాళ్లు వేయించుకున్న నల్లటి 'బ్లాక్ గెలాక్సీ గ్రానైట్' మీద నిమ్మరసం పడినా ఏమీ కాదు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసే ఆ రాయి నిజానికి గ్రానైటే కాదు. గాబ్రో జాతిది. గ్రానైట్ అంటే క్వార్ట్జ్ దండిగా ఉండాలి, దీనిలో అలా ఉండదు. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. పాలిష్ పట్టే గట్టిరాయి ఏదైనా వ్యాపారంలో గ్రానైటే. తప్పుపట్టక్కర్లేదు, వాళ్ల భాష వాళ్లది. షాపులో గ్రానైట్ అనే అడగండి, పరీక్షలో మాత్రం గాబ్రో అని రాయండి.

మన పాతవాళ్ల పేర్లు కొన్ని ఇంతకంటే నిజాయితీగా ఉంటాయి. అభ్రకాన్ని కాకిబంగారం అన్నారు. మెరుస్తుంది గానీ బంగారం కాదని పేరులోనే హెచ్చరిక పెట్టారు.

మెరుపు అంటే వజ్రాలు గుర్తొచ్చాయి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం వంగి వెతుకుతుంటారు, టీవీలో చూసే ఉంటారు. దొరికిన రాయిని ఏం చేస్తారు? గాజు మీద గీస్తారు. గీత పడితే గుండె ఝల్లుమంటుంది. ఇప్పుడు చెప్పండి, ఆ పరీక్ష చాలా?

నీలం చొక్కా బాబూ, చెప్పు. "చాలదు సార్, పలుగురాయి కూడా గాజును గీస్తుంది." శభాష్. గాజు కాఠిన్యం అయిదున్నర. క్వార్ట్జ్ ఏడు. ఆ చేలల్లో వజ్రం ఒకటి ఉంటే పలుగురాళ్లు లక్ష ఉంటాయి. ఆ లక్షా పాసయ్యే పరీక్ష పెట్టి ఏం లాభం? వజ్రం కాఠిన్యం పది. కురువిందం, అంటే కొరండం, తొమ్మిది. కొరండాన్ని గీస్తేనే ఆలోచించాలి. నాకు తెలిసిన పెద్దాయన ఒకాయన ఇంకో పరీక్ష చెప్పాడు, సుత్తితో కొట్టు, పగలకపోతే వజ్రం. దయచేసి ఆ పని చేయకండి. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. వజ్రానికి నాలుగు దిక్కుల్లో చక్కటి క్లీవేజ్ ఉంది, దెబ్బ పడితే చితికిపోతుంది. ఈ నమ్మకం మన దగ్గరే కాదు, రెండు వేల ఏళ్ల కిందట రోమన్ పండితుడు ప్లీనీ కూడా రాసిపెట్టాడు. అది నమ్మి ఎన్ని వజ్రాలు ముక్కలయ్యాయో!

ఇక నా పరువు పోయిన కథ. నేనూ మీ వయసులో ఉన్నప్పుడు ఉత్తర తెలంగాణలో ఒక ఊరి బయట ఫీల్డ్ వర్క్‌కి వెళ్లాను. గట్టు మీద నల్లటి బరువైన రాళ్లు కుప్పలుగా ఉన్నాయి. ఇనుప ధాతువు, అంటే ఇనుము తీసే రాయి, కనిపెట్టేశానని సంచీ నింపుకుంటున్నాను. మేకలు కాసే అవ్వ ఒకామె నిలబడి చూసి, "గది రాయి గాదు బిడ్డా, చిట్టెం. మా ముత్తాతలు గీడ ఇనుము కరిగిచ్చిండ్రట" అంది. సంచీలోంచి ఒకటి తీసి లెన్స్‌తో చూశాను. లోపలంతా గాలి బుడగలు, పైన బెల్లం పాకం కారి గడ్డకట్టినట్టు ముడతలు. కొలిమిలోంచి కారిన మడ్డి. కోనసముద్రం లాంటి ఊళ్లలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లని తర్వాత చదువుకున్నాను. అవ్వకు చరిత్ర తెలుసు, నాకు పుస్తకం తెలుసు. ఆరోజు అవ్వకే ఫుల్ మార్కులు.

ఆ చిట్టెం ఖనిజమా? కాదు. ఖనిజం ప్రకృతిలో దానంతటదే పుట్టాలి, ఘనంగా ఉండాలి, దానికొక నిర్దిష్టమైన రసాయన కూర్పు, లోపల పరమాణువుల వరస ఉండాలి. ఈ నిర్వచనం మీ అందరికీ కంఠతా వచ్చు. మరి హిమాలయాల్లో మంచుగడ్డ? ఖనిజమే. మీ ఫ్రిజ్‌లో ఐస్ ముక్క? కాదు, మనం తయారుచేసింది. బొగ్గు? కాదు, దానికి నిర్దిష్టమైన కూర్పు లేదు, చెట్లు మాగి అయింది. సింగరేణిని 'ఖనిజ సంపద' అంటే ఎవరూ కొట్టరు గానీ, వైవాలో అంటే నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. బాక్సైట్? ఆ, ఇక్కడ అందరూ ఆగారు. బాక్సైట్ ఖనిజం కాదు, రాయి. జిబ్సైట్, బోమైట్, డయాస్పోర్ లాంటి ఖనిజాల మిశ్రమం. దాన్నుంచి లాభంగా అల్యూమినియం తీయగలం కాబట్టి ధాతువు కూడా.

ఆ 'లాభంగా' అన్న మాట దగ్గర కొంచెంసేపు ఆగుదాం. చాలామంది తప్పేది అక్కడే. భూమి పైపొరలో అల్యూమినియం బరువులో దాదాపు 8 శాతం. మీ ఇంటి ఇటుక మట్టిలో కూడా ఉంది. ఇటుకలు కరిగించి గిన్నెలు చేసినవాడిని చూశారా? బాక్సైట్‌లో అది మూడింతలకు పైగా పోగుపడింది, పైగా తేలిగ్గా విడివడే రూపంలో ఉంది. ఇనుము 5 శాతం, ధాతువు అనిపించుకోవాలంటే అయిదు నుంచి పదింతలు పోగుపడాలి. బంగారం టన్ను మామూలు రాయిలో నాలుగు మిల్లీగ్రాముల లెక్క. గనిలో టన్నుకు నాలుగు గ్రాములన్నా ఉండాలనుకుంటే వెయ్యింతలు.

కోలార్ గనిని 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. నూట ఇరవై ఏళ్లు తవ్వి మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకు పోయారు. మూసిననాడు అడుగున బంగారం లేదా? ఉంది. అప్పట్లో ఔన్సు మూడొందల డాలర్లు కూడా పలకడంలేదు, తీసే ఖర్చు అంతకన్నా ఎక్కువ. అంటే ముందురోజు దాకా ధాతువు అనిపించుకున్న రాయి ఆరోజు ఉత్త రాయి అయింది. ఇప్పుడు ధర చూసి, అక్కడ గుట్టలుగా పోసిన వ్యర్థంలోంచి మిగిలిన బంగారం తీద్దామంటున్నారు. చెత్త మళ్లీ ధాతువు అవుతోంది. ఇంకో సంగతి. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతర ప్రైవేటువాళ్లకు గనుల లీజు కుదరదని. కొండలో ఖనిజం ఎంత ఉన్నా అక్కడ బతికేవాళ్లూ చట్టమూ ఒప్పుకోకపోతే అది లెక్కలోకి రాదు. ఇది జియాలజీ ప్రశ్న కాదని కొందరు మేష్టార్లు అంటారు. నేనైతే పేపర్లో పెడతాను.

పోగుపడటం అన్నది ఎలా జరుగుతుంది? సగం మీకు ఇంట్లోనే తెలుసు. భీమిలి బీచ్‌లో అల వెనక్కి పోయాక నల్లటి చారలు మిగులుతాయి చూశారా? చేటలో ధాన్యం చెరిగినట్టు, తేలికైన క్వార్ట్జ్ ఇసుకను అల లాక్కుపోతుంది, ఇల్మెనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ లాంటి బరువైనవి మిగులుతాయి. చేతిలోకి తీసుకుని అయస్కాంతం పెడితే కొన్ని రేణువులు ఎగిరి అంటుకుంటాయి, అవి మాగ్నెటైట్. చాలావరకు అంటుకోవు. నల్లగా ఉన్నవన్నీ మాగ్నెటైటేనని రాసేవాళ్లకు అక్కడే సమాధానం. ఎర్రటి గార్నెట్ వెనకనున్న తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్లలోంచి వచ్చింది. బాక్సైట్ కూడా అదే ఖోండలైట్ మీద పుట్టింది, వేరే పద్ధతిలో. ఫిల్టర్‌లో డికాక్షన్ కిందికి దిగి పిప్పి పైన మిగిలినట్టు, వాన లక్షల ఏళ్లు కడిగి కరిగేదాన్ని తీసుకుపోతే కరగని అల్యూమినియం మిగిలింది. కోలార్ బంగారం వేడినీళ్లతో పగుళ్లలోకి వచ్చి పలుగురాయితో పాటు పేరుకుంది. బోరునీళ్లు కాచిన గిన్నెలో తెల్లపొర పట్టినట్టు అందామా? సరిగ్గా కుదరదు. గిన్నెలో వేడెక్కితే పొర పడుతుంది, పగుళ్లలో నీళ్లు చల్లబడ్డాకే పలుగురాయి పేరుకుంటుంది. పోలిక చెప్పేటప్పుడు ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా. "సార్, మాకు పోటీ పరీక్షల్లో అన్నీ బిట్లే వస్తాయి. ఇదంతా ఎలా ఉపయోగం?" మంచి ప్రశ్న. 'అల్యూమినియం ధాతువు ఏది' అనే బిట్‌కు మా మనవడు కూడా జవాబు చెబుతాడు, వాడు బాక్సైట్ ముఖం చూడలేదు. బిట్ తప్పు కాదు, అడిగే తీరులో ఉంటుంది. నేనొకటి అడుగుతాను. ఒక తెల్లరాయి గాజును గీసింది, ఆమ్లంలో పొంగలేదు, నున్నటి ముఖాలుగా విరగలేదు. ఇది కాల్సైట్ కాదని తేల్చడానికి ఈ మూడింటిలో ఏది ఒక్కటే అయితే సరిపోదు?

ఆలోచించండి... మూడోదా? ఎలా తెలిసింది? "పాలరాయి కూడా కాల్సైటే సార్. అందులో రేణువులు సన్నగా ఉంటే ముఖాలు కంటికి కనబడవు కదా." కూర్చో తల్లీ. ఇది పుస్తకంలో లేదు, నువ్వు ఎప్పుడో ఒక పాలరాయి ముక్కను దగ్గరగా చూశావు.

టైమ్ అయిపోయిందని మీ సార్ గడియారం చూపిస్తున్నారు. చివరి రాయి ఇక్కడ వదిలి వెళుతున్నాను. నలుపు, బరువు, కొండపల్లి వైపుది. అయస్కాంతం పెట్టి చూడండి, టైల్ మీద రుద్ది చూడండి. సోమవారం లోపు ఒక కాగితం మీద రాసి మీ సార్‌కి ఇవ్వండి. పేరు చివర్లో రాయండి, పైన మీరు చేసిన పరీక్షలు, ప్రతి పరీక్షలో ఏ రాయి ఓడిపోయిందో రాయండి. పేరు తప్పయినా చదువుతాను.

టైల్ ముక్క మాత్రం తిరిగి పంపించండి. బాత్‌రూంలో ఒకటి ఊడింది.